దిబ్బ మీద కడిగినట్టున్న చెట్టు

ఇనుపరాయి తవ్వకం జోరు మీదున్న ఆ ఏళ్ళలో హగరి ఏటి చుట్టుపక్కల ఎర్రబడనిది ఏదీ లేదు. రాయి లారీలు పగలూ రాత్రీ పోతూనే ఉండేవి. వాటి వెనక లేచిన దుమ్ము రోడ్డు దాటి, పత్తిచేలు దాటి, ఇళ్ళ మీదికి వచ్చి కూర్చునేది. ఆరేసిన పంచెలు ఎర్రవి, గేదెల వీపులు ఎర్రవి. రాత్రి తోడుపెట్టిన పెరుగు మీద తెల్లారేసరికి సన్నటి ఎర్ర పొర. ప్రార్థన గుడి గోడలకు క్రిస్మస్ ముందు సున్నం కొడితే, కొత్త సంవత్సరం ఆరాధన నాటికే అవి ఇటుక రంగుకు తిరిగేవి. చెట్ల సంగతి చెప్పనే అక్కరలేదు. అది వేపో తుమ్మో ఆకు వేళ్ళతో తుడిచి చూస్తే గానీ తెలిసేది కాదు.

ఒక్క చెట్టు మాత్రం పచ్చగా ఉండేది.

ఊరికి తూర్పున తుంగమడుగు ఉంది. దాని నడుమ చిన్న దిబ్బ, ఆ దిబ్బ మీద ఒక సర్కారు కంపచెట్టు. పొద్దున చూసినా, లారీల దుమ్ము ఆకాశాన్ని కప్పేసే మధ్యాహ్నం చూసినా, అప్పుడే ఎవరో తలంటిపోసినట్టు దాని ఆకు తళతళలాడుతూ ఉండేది. మేకలు కాసేవాళ్ళు దాని నీడన కూర్చునేవాళ్ళు కాదు. మేకలకు అంత పట్టింపు లేదు. దాని కాయలు తీపి.

ఆ చెట్టు కింద సామ్రాజ్యం కూతురు ఉంది.

సామ్రాజ్యానికి పేరే పెద్దది. ఆమెకున్నదల్లా రెండు గదుల ఇల్లు, ముందు చిన్న వసారా, అందులో ఒక చాపల మగ్గం, రైల్వే గ్యాంగులో పట్టాల పని చేసే మొగుడు దయాసాగర్. ఆమె తండ్రి బళ్ళారిలో ఒక మిషను బంగళాకు తోటమాలి. మూడో తరగతితో బడి మానేసినా, అక్షరాల కింద వేలు పెట్టుకుని బైబిలు చదువుకోగలదు. పెళ్ళయి ఈ ఊరొచ్చేదాకా తుంగ అంటే ఏమిటో తెలియదు. అత్త నేర్పింది. తుంగ ఎప్పుడు కోయాలో, పచ్చిమీదనే ఎట్లా చీల్చాలో, నీడన ఎట్లా ఆరబెట్టాలో, అల్లేముందు ఎంతసేపు నానబెట్టాలో అన్నీ అత్త చేతిని చూసి నేర్చుకుంది. మాటతో చెప్పడం ఆ ముసలమ్మకు రాదు. కోడలికీ అదే అలవాటైంది.

ఆమె కాపురానికొచ్చిన ఆ రోజుల్లో మడుగు బతికి ఉండేది. కాలువలో నీళ్ళు వదిలితే ఉబ్బేది, కట్టేస్తే తగ్గేది. హగరి పొంగితే ఆ నీళ్ళూ వచ్చి కలిసేవి. ఎక్కడం, దిగడం తప్ప ఆ నీళ్ళకు వేరే పని లేనట్టుండేది. దిగినప్పుడు అంచున ఉప్పు తెల్లగా పేరుకునేది. ఎక్కినప్పుడు ఆ ఉప్పు కరిగిపోయి, నల్లటి బురదలోంచి తుంగ నడుమెత్తు లేచేది. దాని మీద కొంగలు, దాని లోపల కప్పలు. ఊళ్ళో ఎవరింటికి పోయినా ఆ మడుగు చాపే వేసి కూర్చోబెట్టేవాళ్ళు.

ఒక ఏడు హగరికి పెద్ద నీళ్ళొచ్చాయి. పైన ఎక్కడో కురిసిన వాన. వరద మడుగు దాకా వస్తుందని తెలిసి ఆడవాళ్ళంతా కోసి పెట్టిన తుంగను లాక్కురావడానికి పరుగెత్తారు. సామ్రాజ్యం కూతురు క్రిస్టీకి ఆ పొద్దు ఒళ్ళు కాలుతోంది. అయిదేళ్ళ పిల్ల. పోయిన క్రిస్మస్‌కు కుట్టించిన తెల్లగౌను వేసుకుని కూర్చుంది. సామ్రాజ్యం పిల్లను వసారాలో చాప మీద కూర్చోబెట్టి, బురదలోకి దిగొద్దని, తను వచ్చేదాకా గౌను మాపుకోవద్దని చెప్పి పోయింది. పిల్ల తల ఊపింది. చెప్పిన మాట వినే పిల్ల.

తుంగ మోపులు మోసుకుని తడిసి ముద్దయి వచ్చేసరికి పిల్ల అదే చాప మీద పక్కకు ఒరిగి ఉంది. గౌను మీద ఒక్క మరక లేదు.

శ్మశానం ఏటికి అవతల, ప్రార్థన గుడి వెనకాల. ఏరు దాటే దారి లేదు. గుడి అయ్యగారు రాలేదు. దయాసాగరూ రాలేకపోయాడు. వరదలో రైలు వంతెన దగ్గర కాపలా వేశారు, దిగి రావడానికి లేదు. ఊరి చుట్టూ ఎక్కడ తవ్వినా నీళ్ళే. మునగకుండా మిగిలింది ఆ దిబ్బ ఒక్కటే. పిల్లను తల్లి అల్లిన చాపలోనే చుట్టి ఆ దిబ్బ మీద పెట్టారు. పక్కింటి ఉచ్చంగెమ్మ రోడ్డు పక్క కంచెలోంచి ఒక కంప మోపు కొట్టుకొచ్చి మన్ను మీద కప్పి, పైన రాళ్ళు పెట్టింది. ఆ సీమలో పసిపిల్లల మన్ను మీద ముళ్ళకంప కప్పకుండా ఎవరూ ఇంటికి రారు. నక్కలు తవ్వుతాయి.

వరద తగ్గాక దయాసాగర్ వచ్చాడు. అతనికి కనబడింది ఆ ముళ్ళే.

కంప ఎండిపోయింది. దానికున్న కాయలు తడిమట్టిలో రాలి, తర్వాతి వానకు దిబ్బ మీద ఒక మొలక వచ్చింది. రాతి సిలువ చేయించాలని అనుకుంటున్నారు అప్పటికి. మొలకను చూశాక ఇద్దరూ ఆ మాట ఎత్తలేదు. దయాసాగర్ దాని చుట్టూ మేకలు రాకుండా చిన్న కంచె కట్టాడు. అది ఎదిగి చెట్టయింది. పూసింది, కాసింది. కంచె కూలిపోయాక మేకలు కాయలు తిన్నాయి, తిన్నవి మడుగంతా తిరిగి పెంటికలు వేశాయి. ఎక్కడ పెంటిక పడితే అక్కడ కంప లేచింది. ఏటేటా ఆ కంప మడుగు నీళ్ళను లోపల్లోపల తాగింది. తుంగ పలచబడింది, పసుపయింది, చివరికి లేకుండా పోయింది. కొంగలు రావడం మానేశాయి. ఊళ్ళోకి ప్లాస్టిక్ చాపలు వచ్చాయి. సామ్రాజ్యం మగ్గం మీద ఎండు మిరపకాయలు ఆరబోసుకునేది.

తుంగ లేదు గనుక ఆడవాళ్ళు రాయికి పోయారు. సండూరు వైపు, బండ్రి వైపు లారీలెక్కి పోయి, సుత్తెలతో ఇనుపరాయి కొట్టి జల్లెడ పట్టేవాళ్ళు. సామ్రాజ్యమూ ఉచ్చంగెమ్మా పక్కపక్కన కూర్చుని కొట్టారు. ఉమ్మితే ఎరుపు. అది దుమ్ము ఎరుపో, లోపలిదో తెలియనంత ఎరుపు. ఉచ్చంగెమ్మకు దగ్గు పట్టుకుని వదల్లేదు.

అప్పుడే ఊరి పెద్ద హొన్నూరప్ప దగ్గరికి రాయి కంపెనీల మనుషులు తిరగడం మొదలుపెట్టారు. మడుగు ఎండిపోయి కంప అడవిగా ఉంది కదా, చదును చేసి ఇస్తే రాయి పోసుకునే ప్లాటు చేసుకుంటామని. ఆ సంగతి విన్న రోజు ఉచ్చంగెమ్మ సుత్తె పక్కన పెట్టి సామ్రాజ్యం ఇంటికొచ్చింది.

"మనం రాయి కొట్టి కొట్టి ఊపిరికే మట్టి పట్టించుకుంటిమి కదక్కా," అంది. "ఆ కంప పీకేస్తే నీళ్ళొస్తాయి. నీళ్ళొస్తే తుంగొస్తాది. సుమ్నె ఊరికే చూస్తా కూచుంటే ఆడా రాయే పోస్తారు. మళ్ళా మనమే పోయి కొట్టల్ల."

ఇంకా కొందరు ఆడవాళ్ళు కలిశారు. హొన్నూరప్ప నవ్వాడు. మీరు పీకేలోపల దానికి మనవళ్ళు పుడతారమ్మా అన్నాడు. అయినా వద్దనలేదు. అతని తల్లీ ఆ మడుగు తుంగే అల్లింది. మొదటి ఏడు వాళ్ళు కొడవళ్ళతో, గొడ్డళ్ళతో మొదలు దాకా నరికారు. వానలకు ఒక్కో మొదలు నుంచి గుత్తులు గుత్తులుగా లేచి, ముందున్నదానికి రెండింతలు కమ్ముకుంది. ఊళ్ళో మగవాళ్ళు కంపకు ఆడవాళ్ళు క్షవరం చేయించారని నవ్వుకున్నారు. తర్వాత హగరి వ్యవసాయ ఫారంలో పనిచేసే ఒకతను వచ్చి చూసి, మన్ను కింద మూరెడు లోతు వరకే దాని ప్రాణం ఉంటుందనీ, అక్కడ ఉబ్బుగా గడ్డలా ఉండే చోటు కింద కోస్తే అడుగున ఎంత వేరున్నా మళ్ళీ పైకి రాదనీ చెప్పి, ఒక చెట్టు తవ్వి చూపించి పోయాడు. ఆ మీదట ఆడవాళ్ళు పారలు పట్టారు.

హొన్నూరప్ప ఈసారి నవ్వలేదు. కంపెనీవాళ్ళు వారం వారం వచ్చి కూర్చుంటున్నారు. అతను గట్టిగా ఒక మాట చెప్పాడు.

"కాలవకు నీళ్ళు వదిలే దినం నేనే వచ్చి చూస్తా. కంప లేకుంటే మడుగు మీది. ఒక్కటి నిలబడి కాయలు రాలుస్తాన్నా ప్లాటే. మళ్ళా నన్ను అడగొద్దండి."

ఆ కంప లోపలికి పోవడం పనులన్నిటికీ భయమైన పని. బయట మిట్టమధ్యాహ్నమైనా లోపల మునిమాపులా ఉండేది. పైన కొమ్మల మీద దుమ్ము దళసరిగా పేరుకుని, ఎండ దాంట్లోంచి వడకట్టినట్టు ఎర్రగా దిగేది. మాట్లాడితే మాట ముందుకు పోయేది కాదు, అక్కడే రాలిపోయినట్టుండేది. లోపల దారులున్నాయి. నున్నగా, అరిగిపోయిన దారులు. అడవిపందులు తిరిగి చేసినవని ఉచ్చంగెమ్మ చెప్పింది. పందుల దారులే అయి ఉండాలి. అయితే ఆ దారులకు పైన అల్లుకున్న కొమ్మలు మనిషి నిలబడే ఎత్తున లేవు, పంది వీపంత కిందికీ లేవు. సామ్రాజ్యం వంగి నడిచేటప్పుడు ఆ ఎత్తు తన చేతికి ఎక్కడ తగులుతుందో గమనించింది. పక్కన నడిచే పిల్ల తల మీద చెయ్యి వేస్తే ఎక్కడ ఆనుతుందో అక్కడ. ఎవరికీ చెప్పలేదు. అన్ని దారులూ మెలికలు తిరిగి తిరిగి దిబ్బ దగ్గరికే చేరేవి.

కొట్టిన కంప బొగ్గుబట్టీలవాళ్ళు తీసుకుపోయారు. ఎండాకాలం అయిపోయేసరికి మడుగు బోసిగా, గుంటలు గుంటలుగా, తల గీయించుకున్నట్టు తయారైంది. దాని నడుమ దిబ్బ, దిబ్బ మీద ఆ చెట్టు. చుట్టూ అడవి ఉన్నప్పుడు దాని పచ్చదనం దూరం నుంచి అంత కనబడేది కాదు. ఇప్పుడు రోడ్డు మీద పోయే లారీ డ్రైవర్లు కూడా నిదానించి చూసి పోయేవాళ్ళు.

కాలువ నీళ్ళకు ఇక ఎక్కువ దినాలు లేవనగా, తవ్వి చదును చేసిన చోట మళ్ళీ మొలకలు కనబడ్డాయి. మేక పెంటికల్లోంచి, రెండేసి ఆకులతో. దిబ్బ చుట్టూ ఒత్తుగా, దూరం పోయేకొద్దీ పలచగా. ఉచ్చంగెమ్మ వాటిని పీకుతూ పీకుతూ నడుము పట్టుకుని నిలబడింది. దగ్గు ఆగేదాకా ఆగి చెప్పింది.

"ఎన్ని దినాలని పిల్లల్ని పీకుతామక్కా? తల్లి ఆడ నిలబడి కంటానే ఉండాది."

సామ్రాజ్యం పీకుతూనే ఉంది.

"నీకు తెలీనిది చెప్తాండానా. ఆ దినం కంప మోపు తెచ్చి కప్పింది ఈ చేతులే. కాయలు దులిపి తెచ్చింటే మడుగు ఇట్లయ్యేది కాదు. ఇన్నేండ్లు దాని పక్కకు చూడాలంటేనే నాకు భయం."

"నువ్వు కప్పకుంటే నక్కలు తవ్విండేవి."

"అందుకే నోరు మూసుకోనుంటి. ఇప్పుడు మూసుకుంటే అందరం మళ్ళా రాయికి పోవల్ల. నా దగ్గు నువ్వు వింటానే ఉండావు."

"దాన్ని ముట్టుకోవద్దు ఉచ్చంగీ," అంది సామ్రాజ్యం. "కాయలు కింద పడకుండా నేను చూసుకుంటా. హొన్నూరప్ప కాళ్ళు పట్టుకుంటా."

ఉచ్చంగెమ్మ పీకిన మొలకలు తట్టలో వేసింది. తట్ట ఎత్తుకుని పోయింది. మిగిలిన ఆడవాళ్ళు కూడా ఒకరి తర్వాత ఒకరు, సామ్రాజ్యం మొహం చూడకుండా పోయారు.

మర్నాడు ఆదివారం. మేకలు రాకముందే రాలిన కాయలు ఏరుకుందామని సామ్రాజ్యం కోడి కూసీ కూయకముందే ఒక పాత చీర చంకన పెట్టుకుని మడుగు మీదికి పోయింది. తూర్పున వెలుగు రాలేదు గానీ చీకటి పలచబడింది. దిబ్బ మీద ఎవరో నిలబడి ఉన్నారు. అక్కడే ఆగిపోయింది ఆమె.

దయాసాగర్. కాళ్ళ దగ్గర వెనకటికి తుంగ నానబెట్టిన డేక్సా. అందులోంచి చెంబుతో నీళ్ళు ముంచి కొమ్మ కొమ్మకూ పోస్తున్నాడు. రెండో చేత్తో ఆకును మెల్లగా నిమురుతున్నాడు, ముళ్ళు చేతికి తగులుతున్నా.

"కండ్లు మూసుకో పాపా," అంటున్నాడు. "సబ్బు లేదులే. వట్టి నీళ్ళే."

పిల్ల పోయాక ఆ ఇంట్లో పాపా అన్న మాట ఆమె మళ్ళీ వినలేదు. రోజూ అతను పట్టాల పనికి పోవడం, రావడం, తినడం, పడుకోవడం చూసింది. ఆదివారాలు తెల్లారకముందే లేచిపోతే ఏటి పక్క నడిచొస్తున్నాడనుకుంది. చెట్టు ఎందుకంత శుభ్రంగా ఉందో ఇప్పుడు అర్థమైంది. అతను తిరిగి చూశాడు. సిగ్గుపడ్డట్టు చెంబు కింద పెట్టాడు.

"యాడికొచ్చినావు ఇంత పొద్దున్నే?"

"కాయలు ఏరుకుందామని."

అతను డేక్సాలో మిగిలిన నీళ్ళు చెట్టు మొదట్లో వంచాడు. తర్వాత అతను, "నాకు ఆదివారం ఒక్కటే కదా కుదిరేది," అన్నాడు. "మిగతా దినాలన్నీ నువ్వు పోస్తాండావని తెలుసు. అందుకే ఎప్పుడూ అడగలే."

సామ్రాజ్యం వంగి కాళ్ళ దగ్గరి కాయ ఒకటి ఏరుకుంది.

"ఈ లారీలు మొదలైనకాన్నుంచి చూస్తాండా," అన్నాడతను. "నేను వచ్చేసరికి అప్పుడే కడిగిపోయినట్టే ఉంటాది. మళ్ళా ఎందుకులే అనిపిస్తాది. అయినా పోస్తా. ఆ దినం నా చేత్తో ఒక్కటీ జరగలే కదా."

ఆమె ఊఁ అంది.  పెళ్ళయి ఇన్నేళ్ళలో మొగుడికి ఆమె చెప్పిన పెద్ద అబద్ధం ఆ ఊఁ ఒక్కటే.

ఎందుకంటే ఆమె ఆ చెట్టు మీద ఏనాడూ చుక్క నీళ్ళు పోయలేదు. ఆ పొద్దు దాకా ఆ దిబ్బ ఎక్కడానికే ఆమెకు కాళ్ళు వచ్చేవి కావు. ఆ రోడ్డు పక్కన ఉదయం కడిగిన గిన్నె సాయంత్రానికి ఎర్రబడుతుంది. మరి సోమవారాలు, మంగళవారాలు ఎవరు పోస్తున్నట్టు?

ఆ వారంలోనే, పని దినాల్లో ఒక మధ్యాహ్నం, అన్నం వేళకు ఆడవాళ్ళంతా ఇళ్ళకు పోయాక, ఒక్కతే దిబ్బ ఎక్కింది. గాలి లేదు. దుమ్ము కదలకుండా నిలబడి ఉంది, సూర్యుడు దాని వెనకాల వట్టి ఎర్ర బిళ్ళలా ఉన్నాడు. చెట్టు ఆకుల కొసల నుంచి నీళ్ళు బొట్టు బొట్టుగా రాలుతున్నాయి. కింద మన్ను గుండ్రంగా తడిసి ఉంది. ఆ తడిలో అడుగుజాడ లేదు, చుట్టూ ఎక్కడా బిందె పెట్టిన గుర్తు లేదు. ఎండిన కాయల గుత్తులు మాత్రం గాలి లేకుండానే గిలక్కాయల్లా గలగలమంటున్నాయి, కాసేపు ఆగి, మళ్ళీ కాసేపు. విసుగు పుట్టిన పిల్ల చేతిలో ఏదో ఆడించినట్టు.

పారిపోదామనుకుంది. పోకుండా అక్కడే కూర్చుంది. ఒక చుక్క ఆమె మణికట్టు మీద పడింది. చల్లగా, శుభ్రంగా ఉంది. ఆ చుక్కను చూస్తూ కూర్చుంటే, ఇన్నేళ్ళుగా తలుచుకోకుండా తోసేసిన ఆ పొద్దు ఆమె ముందుకొచ్చింది. వసారా, చాప, తెల్లగౌను. నేనొచ్చేదాకా మాపుకోవద్దు అని చెప్పి పోయిన మాట. చెప్పిన మాట వినే పిల్ల. లోకమంతా ఎర్రబడినా తాను మాసిపోకుండా, ఒక్కతే కడుక్కుంటూ, అమ్మ వచ్చేదాకా కాచుకుని ఉన్న పిల్ల.

భయం ఎటు పోయిందో పోయింది. సామ్రాజ్యం చెట్టు మొదలు మీద చెయ్యి వేసింది.

"నేనొచ్చినా పాపా," అంది. "తుంగంతా లోపల పెట్టేసినా. ఇంక నువ్వు దిగి ఆడుకో. గౌను మాసినా ఏమనను."

కాయల చప్పుడు ఆగిపోయింది. ఆమె చాలాసేపు కూర్చుంది. మళ్ళీ వినబడలేదు.

సాయంత్రం ఇంటికి పోతూ వెనక్కి తిరిగి చూస్తే చెట్టు పై కొమ్మలు కొంచెం మసకబారినట్టు అనిపించింది. మర్నాటికి సగం ఎర్రబడింది. ఆ తర్వాతి దినం మేకలు కాసేవాళ్ళు దిబ్బ ఏదో చెట్టు ఏదో ఆనవాలు పట్టలేకపోయారు. ఊరంతా ఆ మాటే. ఉచ్చంగెమ్మ వచ్చి వసారాలో నిలబడి, ఏమైందని అడగకుండా, సామ్రాజ్యం ఇచ్చిన మంచినీళ్ళు తాగి, మళ్ళీ ఒకసారి మొహంలోకి చూసి పోయింది.

ఆదివారం దయాసాగర్ డేక్సాతో పోయినవాడు కొద్దిసేపటికే తిరిగొచ్చాడు. చేతులు మోచేతుల దాకా ఎర్రటి బురద.

"ఈ వారం పోలేదా నువ్వు?"

"పోలేదు."

"ఎంత పోసినా పోవడంలే. బురదై కారుతాది, మళ్ళా పట్టుకుంటాది." అతను డేక్సా కింద పెట్టాడు. "ఎందుకు పోలేదు?"

"దానికి ఇంక అక్కర్లేదు," అంది ఆమె. తర్వాత, ఎన్నో రోజులుగా తన నోటికి రాని మాట చెప్పింది. "తీసేద్దాం."

అతను గోడకు ఆనుకుని కూర్చుండిపోయాడు.  ఏటి అవతల ప్రార్థన గుడి గంట మోగింది, ఇద్దరూ కదలలేదు.

"అదీ తీసేస్తే మనకాడ ఇంకేముంటాది?" అని అడిగాడు చివరికి.

"వేరుంటాది. మనం మూరెడు లోతే కదా తీసేది. కిందిది పాపకాడనే ఉంటాది. పైకి రాదు, అంతే."

అతను లేచాడు. గోడ పక్కన ఆనించి ఉన్న గడ్డపార, పట్టాల కింద కంకర కుళ్ళగించే బరువైన గడ్డపార, భుజాన వేసుకున్నాడు. ఆమె పార తీసుకుంది. దారిలో ఉచ్చంగెమ్మ ఇంటి ముందు ఆగితే, వాళ్ళ చేతుల్లో ఉన్నవి చూసి ఆమె లోపలికి పోయి తన కొడవలీ గొడ్డలీ తెచ్చుకుంది. ముళ్ళకొమ్మలు తీయడం నా పని, కప్పింది నేను కదా అంది. 

కొమ్మలన్నీ ఉచ్చంగెమ్మే కోసి, ఒక్క కాయ రాలకుండా చీరలో మూటగట్టింది. దయాసాగర్ మొదలు చుట్టూ తవ్వాడు. పట్టాల మీద ఎంత బలంగా వేస్తాడో అంత మెల్లగా వేశాడు, కింద ఎవరో నిద్రపోతున్నట్టు. ఉబ్బుగా ఉన్న గడ్డ బయటపడింది. పసిపిల్ల తలంత ఉంది. ముగ్గురూ దాన్ని చూసి కాసేపు చేతులు ఆపేశారు. సామ్రాజ్యం పెదాలు కదిపి ప్రార్థన చేసుకుంది. ఆ తర్వాత అతను గొడ్డలి తీసుకుని గడ్డ కింద ఒకే దెబ్బ వేశాడు.

చెట్టు పక్కకు ఒరిగింది. చప్పుడు పెద్దగా రాలేదు. చాప మీద ఒరిగినంత మెత్తగా ఒరిగింది.

కోసిన వేరు చుట్టూ గుంటలో నీళ్ళు ఊరడం మొదలయింది. కాలువకు ఇంకా నీళ్ళు వదలలేదు. హగరి ఇసుకలో ఎక్కడా తడి లేదు. మడుగులో తవ్విన ఏ గుంటలోనూ చుక్క ఊరలేదు. ఈ గుంటలో మాత్రం అడుగు నుంచి నల్లటి నీళ్ళు మెల్లగా పైకొచ్చి, వేరును కప్పి, మూరెడు లేచి ఆగాయి. ఉచ్చంగెమ్మ రెండు చేతులూ జోడించింది. దయాసాగర్ వంగి ఆ నీళ్ళు దోసిట్లోకి తీసుకుని చేతుల ఎర్ర బురద కడుక్కున్నాడు.

హొన్నూరప్ప అన్న దినానికే వచ్చాడు. మడుగంతా తిరిగాడు. దిబ్బ ఎక్కి, గుంటలో నిలబడి ఉన్న నీళ్ళు చూసి, తలపాగా తీసి మళ్ళీ చుట్టుకున్నాడు. మీ తలకాయలు రాయికన్నా గట్టివమ్మా అన్నాడు. మాట మాత్రం పూర్తిగా నిలబెట్టుకోలేదు. రోడ్డు వైపు పొడినేల కంపెనీకి ఇచ్చేశాడు. ఇప్పటికీ అక్కడ రాయి గుట్టలే. ఏటి వైపు పల్లం, దిబ్బతో కలిపి, ఆడవాళ్ళకు మిగిలింది. కాలువ నీళ్ళు వచ్చాయి. చాలా ఏళ్ళ తర్వాత మడుగు ఉబ్బింది, తగ్గింది, మళ్ళీ ఉబ్బింది. కంప మొలకలు అక్కడక్కడా వస్తూనే ఉన్నాయి. వాటిని పీకడం ఇక జీవితకాలం పని అని అందరికీ అర్థమైంది.

తుంగ మొదట దిబ్బ మీద లేచింది. ఎవరూ నాటలేదు. గుంట ఉన్న మేర, ఒక చాప పరిచినంత మేర, పక్కపక్కన కొలిచినట్టు లేచింది. తర్వాతే మిగతా మడుగంతా వచ్చింది. మొదటి కోత దిబ్బ మీదిదే కోసి, సామ్రాజ్యం మగ్గం మీద మిరపకాయలు తీసేసి కూర్చుంది. అల్లడం అయ్యాక చూస్తే చాప పొట్టిగా ఉంది. పెద్దవాళ్ళకు చాలదు. తుంగ ఇంకా మిగిలే ఉంది, చెయ్యి ఎందుకు అక్కడ ఆగిందో ఆమెకు తెలియదు. దాన్ని అమ్మలేదు. వసారాలో వెనకటి చోటే పరిచింది.

ఉచ్చంగెమ్మ దగ్గు తగ్గలేదు గానీ రాయికి పోవడం మానేసింది. లారీలు పోతూనే ఉన్నాయి. చాప మీద రోజూ ఎర్ర దుమ్ము పడేది. సామ్రాజ్యం పొద్దున్నే దాన్ని ఎత్తి దులిపి మళ్ళీ పరిచేది.

మడుగు నిండుగా ఉన్న రోజుల్లో ఒక పొద్దున ఆమె లేచి వచ్చేసరికి దయాసాగర్ వసారాలో గొంతుక్కూర్చుని చాపను చూస్తున్నాడు. ఎర్రటి దుమ్ము మీద నల్లటి బురద మరకలు. మెట్టు దగ్గర నుంచి చాప నడిమి దాకా. చిన్న పాదాలు, అయిదు వేళ్ళూ తెలుస్తున్నాయి. ఎర్రనేల మీద అంత నల్లటి బురద మడుగు అడుగున తప్ప ఎక్కడా లేదు. ఆ బురద ఇంకా తడిగానే ఉంది.

"పక్కింటి పిల్లలెవరో తొక్కినట్టుండారు," అన్నాడు దయాసాగర్.

పక్క ఇంట్లో ఉచ్చంగెమ్మ ఒక్కతే ఉంటుంది. రెండో పక్క ఇల్లు తాళం వేసి రెండేళ్ళయింది.

"అట్లనే ఉండాది," అంది సామ్రాజ్యం. "తొక్కనీలే."

ఆ పొద్దు ఆమె చాప దులపలేదు.